ముంపు పటం అడిగితే "భద్రతా కారణాలు" అన్నారు: ప్రభుత్వ రికార్డుల్లో ఏది దాచాలి, ఏది చెప్పాలి?

దిగువవాసి (చర్చ మొదలుపెట్టిన సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా ఊరు ఒక పెద్ద డ్యామ్‌కి దిగువన, నది ఒడ్డునే ఉంటుంది. రెండేళ్ల కిందట వరద వచ్చిన రాత్రి గేట్లు ఎత్తుతున్నారని మైకులో చెప్పారు. నీళ్లు ఎంతసేపట్లో వస్తాయో, ఎంత ఎత్తున వస్తాయో చెప్పినవాళ్లు లేరు. మా అమ్మ నడవలేదు. ఆవిడను మంచంతో సహా నలుగురం మోసుకెళ్లి బడి మేడ మీదికి చేర్చాం. ఆ బడి మునిగే చోట ఉందో మునగని చోట ఉందో మాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మూడు అడిగాను. డ్యామ్ తెగినా, గేట్లన్నీ ఒకేసారి ఎత్తినా నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ముంపు పటం. ఏ ఊరికి ఎంతసేపట్లో చేరతాయో చెప్పే పట్టిక. డ్యామ్ అత్యవసర ప్రణాళిక కాపీ. ఇరవై ఎనిమిదో రోజున ఒక్క లైను జవాబు వచ్చింది: భద్రతా కారణాల దృష్ట్యా సెక్షన్ 8(1)(ఎ) కింద ఇవ్వడం వీలుకాదు అని.

నాకు కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది. డ్యామ్ మీద దాడి చేసేవాళ్లు ఉండొచ్చు, కాదనను. కానీ మునిగేది మేమే కదా. మా ఇల్లు మునుగుతుందో లేదో మాకు చెప్పడం ఎవరి భద్రతకు ముప్పు? పెద్దలు ఎవరైనా వివరంగా చెప్పండి. అప్పీలుకు వెళ్లాలా, వదిలేయాలా?

---

విశ్రాంత_ఇంజినీర్

బాబూ, నేను ముప్పై ఏళ్లు నీటిపారుదల పనుల్లో ఉన్నాను. నీకు నచ్చకపోయినా అవతలి వైపు మాట కూడా చెప్పాలి.

డ్యామ్ తెగితే ఏమవుతుందని లెక్కకట్టే రిపోర్టులో పటం ఒక్కటే ఉండదు. ఎక్కడ గండి పడితే ఎంత వెడల్పు తెగుతుంది, ఏ గేటు పాడైతే ఎంత నీరు తన్నుకొస్తుంది, గేట్ల మోటార్లకు కరెంటు ఎటునుంచి వస్తుంది, అది పోతే జనరేటర్ ఎక్కడుంది, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు, కట్ట లోపల ఊట కొలిచే పరికరాలు ఎక్కడెక్కడ పెట్టారు... ఇవన్నీ ఒకే బైండింగ్‌లో ఉంటాయి. మంచి ఇంజినీరు రాసిన రిపోర్టు అంటే ఆ డ్యామ్ బలహీనతలన్నీ నిజాయితీగా రాసిన రిపోర్టు. అది పరాయివాడి చేతిలో పడితే ఎక్కడ కొట్టాలో మనమే గీసి ఇచ్చినట్టు.

ఇంకో సంగతి. ఇలాంటివి బయటికి వెళ్తాయని తెలిస్తే రాసేవాళ్లు మెత్తగా రాయడం మొదలుపెడతారు. "పగుళ్లు ఉన్నాయి" అని రాయాల్సినచోట "పరిశీలించదగిన గుర్తులు ఉన్నాయి" అని రాస్తారు. దానివల్ల నష్టపోయేది దిగువ జనమే. తిరస్కరించిన అధికారిని వెనకేసుకురావడం లేదు. ఆయన చేతిలో ఏముందో తెలియాలని చెబుతున్నాను.

---

అక్షర_పక్షం

ఇంజినీర్ గారి మాటలో బరువు ఉంది. కానీ ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను కాబట్టి చెప్పాల్సింది ఒకటుంది. "భద్రత" అనే ముద్ర వెనక ఏముందో ఎవరూ చూడకుండా ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్పే కేసు ఇది.

1948 అక్టోబరులో అమెరికాలో జార్జియా రాష్ట్రం మీదుగా వెళ్తున్న ఒక బీ-29 యుద్ధ విమానం కూలిపోయింది. 9 మంది చనిపోయారు. వాళ్లలో పరికరాలు పరీక్షించడానికి వెళ్లిన పౌర ఇంజినీర్లు ఉన్నారు. ముగ్గురి భార్యలు నష్టపరిహారం కోసం కోర్టుకెళ్లి ప్రమాద విచారణ నివేదిక ఇవ్వమన్నారు. విమానంలో రహస్య పరికరాలు ఉన్నాయి, నివేదిక బయటపెడితే దేశ భద్రతకు ముప్పు అని వైమానిక దళం చెప్పింది. రేనాల్డ్స్ కేసు అని పిలిచే ఆ వ్యాజ్యంలో 1953లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఆ నివేదికను జడ్జీలు తెరిచి కూడా చూడలేదు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, రహస్య ముద్ర తీసేశాక, చనిపోయిన ఒకాయన కూతురికి అది ఇంటర్నెట్‌లో దొరికింది. రహస్య పరికరాలు ఎలా పనిచేస్తాయో అందులో లేదు. ఇంజిను మంటలంటుకోకుండా బిగించాల్సిన వేడి కవచాలు బిగించలేదని ఉంది. నిర్లక్ష్యం!

రహస్యాలు దాచుకునే ప్రభుత్వ హక్కు మీద ఇప్పటికీ అమెరికాలో ఉదహరించే తీర్పు అదే. ఆ పునాది కింద ఉన్నది ఒక బిగించని కవచం. నాకు ఆ కూతురు గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది. తండ్రి ఎందుకు పోయాడో తెలుసుకోవడానికి ఆవిడకు ఒక జీవితకాలం పట్టింది.

---

కాపలాదారు

అక్షర_పక్షం గారూ, ఆ కేసు నాకూ తెలుసు. అక్కడ జరిగింది అన్యాయమే. కానీ ఒక తప్పుడు ముద్రను చూపించి ముద్రలన్నీ తప్పనడం సరికాదు. కీలక కట్టడాల రక్షణలో పనిచేశాను కాబట్టి మా వైపు భయం ఏమిటో చెప్తాను.

మాకు భయం ఒక్కో కాగితంతో కాదు, కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాడితో. డ్యూటీ రోస్టరు ఒక దరఖాస్తులో, డీజిల్ కొనుగోలు బిల్లులు ఇంకో దరఖాస్తులో, ప్రహరీ మరమ్మతు టెండరు మూడోదాంట్లో తీసుకుంటే చాలు. విడిగా చూస్తే ఒక్కటీ రహస్యం కాదు. కలిపితే లోపలికి దారి.

2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ సంగతి గుర్తుందా? జనం పరిగెత్తిన దారులన్నీ కలిపి ఒక ప్రపంచ పటం పెట్టారు. ఎవరి పేరూ లేదు. ఎడారుల్లో, ఏమీ ఉండకూడని చోట సైనికులు జాగింగ్ చేసిన గీతలు మెరిసి స్థావరాల ఆకారం బయటపడింది. అది ప్రభుత్వ రికార్డు కాదు, నిజమే. కానీ రికార్డులు ఇచ్చేటప్పుడూ పద్ధతి ఇదే. ఇచ్చే అధికారికి తన ముందున్న ఒక్క కాగితమే కనిపిస్తుంది. మిగతావి ఎవరి దగ్గర చేరాయో అతనికి తెలియదు. అందుకే అనుమానం వస్తే ఆపమంటాం.

ఒకసారి ఇచ్చింది వెనక్కి రాదు. ఆలస్యంగా ఇచ్చినదాన్ని సరిదిద్దుకోవచ్చు. ఈ తేడాను దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

---

చదువరి

నేను సివిల్స్‌కి చదువుతున్నాను. చిన్న సమాచారం. 20 ఏళ్లు దాటిన రికార్డు ఏదైనా ఇవ్వాల్సిందేనని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) చెబుతుంది. డ్యామ్ పాతదైతే దిగువవాసి గారు ఆ పాయింటు మీద అడగొచ్చు కదా?

---

వకీలమ్మ

చదువరి తమ్ముడూ, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పరీక్షలో రాకుండా ఇప్పుడే సరిచేసుకో. 8(3) ప్రకారం 20 ఏళ్ల తర్వాత మినహాయింపులు చాలావరకు పోతాయి, కానీ మూడు మాత్రం పోవు. అవి (ఎ), (సి), (ఐ). అంటే దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు. దిగువవాసి గారికి చూపించింది (ఎ)నే. దానికి ఈ చట్టంలో గడువు లేదు. నా దృష్టిలో ఇది చట్టంలో ఉన్న పెద్ద లోపం. గడువు లేని రహస్యాన్ని మళ్లీ తెరిచి చూడాల్సిన పని ఎవరికీ పడదు. అమెరికాలో 1995 ఉత్తర్వు తర్వాత 25 ఏళ్లు నిండిన రహస్య పత్రాలు, ప్రత్యేకంగా ఆపితే తప్ప, వాటంతట అవే బయటికి రావాలి. అక్కడ ఆపాలనుకున్నవాడు కారణం రాయాలి. ఇక్కడ అడిగినవాడు కారణాల కోసం కొట్లాడాలి.

ఇప్పుడు దిగువవాసి గారికి. వదిలేయకండి. మీ చేతిలో నాలుగు ఆయుధాలున్నాయి.

ముందు సెక్షన్ 10. అన్నిటికంటే నాకు ఇష్టమైన సెక్షన్ ఇది. ఒక రికార్డులో కొంత ఇవ్వకూడనిది ఉంటే అది తీసేసి మిగతాది ఇవ్వాలి. ఇంజినీర్ గారు చెప్పిన జనరేటర్లు, పరికరాలు, రాత్రి డ్యూటీలు అన్నీ నల్లగీతల కింద పెట్టొచ్చు. మీ ఊరి పేరు పక్కన ఉన్న నిమిషాల అంకెను ఎందుకు పెట్టాలి? ఫైలు మొత్తానికి తాళం వేసే అధికారం ఈ చట్టం ఎవరికీ ఇవ్వలేదు. చూడాల్సింది వాక్యం వాక్యం.

తర్వాత 8(2). దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కంటే చెప్పడం వల్ల జనానికి కలిగే మేలు ఎక్కువైతే, ఏ మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా దీనికి అడ్డం కాదని అందులోనే రాసి ఉంది.

మూడోది 7(8). తిరస్కరిస్తే కారణాలు చెప్పాలి. సెక్షన్ నంబరు కారణం కాదు. ఆ సమాచారం బయటికొస్తే నష్టం ఎలా జరుగుతుందో రాయాలి. అలా రాయకుండా నంబరు వేసి వదిలేస్తే కుదరదని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్‌సింగ్ అనే దరఖాస్తుదారు వేసిన కేసులో చెప్పింది.

నాలుగోది 19(5). అప్పీలులో తిరస్కరణ సరైనదేనని రుజువు చేయాల్సింది అధికారే. మీరు కాదు.

అక్షర_పక్షం గారు రేనాల్డ్స్ చెప్పారు కాబట్టి మన దగ్గరి సంగతి ఒకటి. ఇందిరాగాంధీ ఎన్నిక మీద రాజ్‌నారాయణ్ వేసిన కేసులో ప్రధాని పర్యటనల భద్రతా నియమాల పుస్తకం, బ్లూబుక్ అంటారు, కోర్టుకు తెమ్మన్నారు. ప్రధాని ప్రాణానికి సంబంధించిన పుస్తకం! అంతకంటే భద్రత ఇంకేముంటుంది? అయినా 1975లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం మాట విని ఊరుకోనక్కర్లేదు, అవసరమైతే కోర్టే పత్రాన్ని చూసి నిర్ణయించవచ్చు అంది. ప్రజల పేరున జరిగే ప్రతి పని గురించి తెలుసుకునే హక్కు ప్రజలకుందని జస్టిస్ మాథ్యూ రాసింది ఆ తీర్పులోనే. చట్టం రావడానికి 30 ఏళ్ల ముందు మాట అది. ముద్ర వేసినవాడు కాకుండా ఇంకొకరు ఆ కాగితాన్ని చదవాలి. నేను ఈ వృత్తిలో నమ్మేది ఇదే.

---

రికార్డు_గది

నేను రికార్డు గదిలో పనిచేస్తాను. ఎక్కడో చెప్పను. ముద్రలు ఎలా పడతాయో బయటివాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఎవరో కుట్ర చేసి ముద్ర వేస్తారని అనుకుంటారు. అది చాలా అరుదు. పాత ఫైలు మీద "కాన్ఫిడెన్షియల్" అని ఉంటుంది. దాని కొనసాగింపుగా తెరిచిన కొత్త ఫైలు మీద గుమాస్తా అదే రాస్తాడు. అందులో ఒక ఉత్తరానికి జవాబు రాస్తే దానిమీదా అదే పడుతుంది. వేసినందుకు ఎవరినీ ఎవరూ అడగరు. తీసేస్తే మాత్రం సంతకం పెట్టాలి, రేపు ఏమైనా అయితే ఆ సంతకం ఎవరిదని వెతుకుతారు. ఇంక ఎవరు తీస్తారు? నేను వచ్చాక మా గదిలో ఒక బీరువా నిండా అలాంటి ఫైళ్లు చూశాను. ఒకదాంట్లో కుర్చీలు, బల్లల కొనుగోలు లెక్కలున్నాయి. ఒట్టు.

నల్లగీతల గురించి వకీలమ్మ గారు చెప్పింది బాగుంది, కానీ ఆ పని చేతనైనవాళ్లు కావాలి. కంప్యూటర్లో అక్షరాల మీద నల్లడబ్బా గీసి అదే ఫైలు పంపిస్తారు. అవతలివాడు దాన్ని కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే అక్షరాలన్నీ వస్తాయి. 2009 డిసెంబరులో అమెరికా విమానాశ్రయాల తనిఖీ నియమాల పుస్తకం సరిగ్గా ఇలాగే బయటపడి పెద్ద గొడవైంది. కాపలాదారు గారి భయం నిజమయ్యేది ఇలాంటి చోట. మేము కాగితం మీదే మార్కర్‌తో కొట్టి, జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ను స్కాన్ చేసి ఇస్తాం. పాత పద్ధతే, కానీ లోపల ఏమీ మిగలదు.

ఇలాంటి పనికి మనుషులు లేకే చాలా కార్యాలయాల్లో "మొత్తం ఇవ్వం" అనే జవాబు వస్తుంది. వాక్యం వాక్యం చూడాలంటే 300 పేజీలు కూర్చుని చదవాలి. తిరస్కరించడానికి ఒక లైను చాలు.

---

దిగువవాసి

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

రాత్రంతా ఒకటే ఆలోచన. మనకి రోడ్డు భద్రత అన్నా, దేశ భద్రత అన్నా "భద్రత" ఒకటే మాట. 2021లో వచ్చిన డ్యామ్ భద్రత చట్టం పేరులోనూ అదే మాట ఉంది. డ్యామ్ యజమానులు అత్యవసర ప్రణాళిక తయారుచేయాలని ఆ చట్టమే చెబుతుంది. నాకు వచ్చిన జవాబులో "భద్రతా కారణాలు" అన్నప్పుడు అది కట్ట భద్రతా, మా భద్రతా? ఆ అధికారికి ఈ రెండూ వేరని అనిపించలేదేమో.

కాపలాదారు గారూ, మీ మాట నాకు అర్థమైంది. గేట్ల గది ఎక్కడుందో నాకు అక్కర్లేదు. నిజంగా అక్కర్లేదు. అది నాకు తెలియకపోతేనే మంచిది.

---

టీచరమ్మ

దిగువవాసి గారూ, మీ అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్తాను. అత్యవసర ప్రణాళిక మొత్తం కాపీ అడిగారు కదా, అందులో మనుషుల జాబితాలు కూడా ఉంటాయి. నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, ఫోన్ నంబర్లు. కాపాడడానికి రాసిన జాబితాయే దొంగ చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించండి.

నేను చరిత్ర చెప్తాను కాబట్టి నాకు వెంటనే ఆమ్‌స్టర్‌డామ్ గుర్తొస్తుంది. జనాభా రిజిస్టరు చాలా పద్ధతిగా రాసిన నగరం. ఎవరు ఎక్కడుంటారో, ఏ మతమో అన్నీ అందులో ఉన్నాయి. నాజీలు ఆ నగరాన్ని ఆక్రమించాక యూదులను వెతకడానికి ఆ కార్డులే దారి చూపాయి. 1943 మార్చి 27 రాత్రి ప్రతిఘటన దళం వాళ్లు పోలీసుల వేషంలో వెళ్లి ఆ కార్యాలయానికి నిప్పుపెట్టారు. కార్డుల్లో కొంత భాగమే కాలింది. వెళ్లినవాళ్లలో చాలామందిని పట్టుకుని కాల్చిచంపారు. రికార్డు కాల్చడానికి మనుషులు ప్రాణాలిచ్చిన రోజు కూడా ఉందని పిల్లలకు చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది.

అందుకే నాకు ప్రభుత్వం చేసే పనుల రికార్డు వేరు, ప్రభుత్వం దగ్గరున్న మనుషుల వివరాలు వేరు. తూర్పు జర్మనీ రహస్య పోలీసుల ఫైళ్లు 1992లో తెరిచినప్పుడు కూడా ఇలాగే చేశారు. ఎవరి ఫైలు వాళ్లు చదువుకోవచ్చు, అందులో వేరే బాధితుల వివరాలుంటే కప్పి ఇస్తారు. మీ అప్పీలులో "వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఇవ్వండి" అని మీరే రాయండి. అడిగేవాడే గీత గీసి చూపిస్తే ఇచ్చేవాడికి ధైర్యం వస్తుంది.

---

విశ్రాంత_ఇంజినీర్

మొన్న రాసినదాన్ని మళ్లీ చదువుకున్నాను. రిపోర్టు మొత్తం బయటికి రాకూడదన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ పటం విషయంలో నా ఆలోచన తప్పు.

1975 ఆగస్టులో చైనాలో బాంచియావ్ డ్యామ్ తెగింది. తుపాను వానలకు అదొక్కటే కాదు, ఆ ప్రాంతంలో 62 డ్యాములు పోయాయి. సమాచార లైన్లు తెగిపోవడంతో హెచ్చరికలు అందలేదు. నీళ్లలోనే కొట్టుకుపోయినవాళ్లు 26 వేలమందని అధికారిక లెక్క. తర్వాత జబ్బులతో, ఆకలితో పోయినవాళ్లు ఇంకెందరో. వృత్తిలో ఉన్నవాళ్లు పాఠం నేర్చుకోవాల్సిన అంత పెద్ద ప్రమాదం వివరాలను చాలా ఏళ్లు రహస్యంగా ఉంచారు. 2005లో గాని ఆ ముద్ర తీయలేదు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని గురించి ఎవరూ మాకు చెప్పలేదు. తెలిసుంటే స్పిల్‌వే, అంటే ఎక్కువైన నీటిని బయటికి వదిలే మార్గం, దాని లెక్కలు వేరే కళ్లతో చూసేవాళ్లం.

దానికి రెండో వైపు కాలిఫోర్నియాలోని ఒరోవిల్ డ్యామ్. 2017 ఫిబ్రవరిలో స్పిల్‌వే కోసుకుపోయింది. లక్షా 80 వేలకు పైగా జనాన్ని గంటల్లో ఖాళీ చేయించారు. డ్యామ్ నిలబడింది. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత జరిగింది. 2001 దాడుల తర్వాత ముంపు పటాలు దాచిపెట్టడం అక్కడ అలవాటైంది. ఒరోవిల్ అయిన ఏడాదే కాలిఫోర్నియా చట్టం తెచ్చి, డ్యాముల ముంపు పటాలు తయారుచేయించి ప్రజలకు అందుబాటులో పెట్టమంది. దాడి భయం తెలియని దేశం కాదు అది. అయినా పటం జనానికి ఉండాల్సిందే అనుకున్నారు.

పటం చూసి శత్రువుకు తెలిసేది ఏముంది? నీళ్లు పల్లానికి పోతాయని. అది వాడికి ముందే తెలుసు. ఎంత ఎత్తు ఎక్కితే బతుకుతామో తెలియనిది మనవాళ్లకే.

---

కాపలాదారు

ఇంజినీర్ గారూ, మీరంటే గౌరవం. పటం వరకు ఒప్పుకుంటాను. నా తరఫున కూడా ఒక లెక్క చెప్పాలి, అది నా వాదనకు వ్యతిరేకంగా ఉన్నా సరే.

2001 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం తాగునీటి వనరుల వివరాలున్న ఒక సీడీని లైబ్రరీలన్నిటిలో ధ్వంసం చేయమంది. చేశారు. ఆ రోజుల్లో వెబ్‌సైట్ల నుంచి ఎన్నో తీసేశారు. 2004లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు జనానికి అందుబాటులో ఉన్న 629 ప్రభుత్వ భౌగోళిక డేటాసెట్లను ఒక్కొక్కటిగా పరిశీలించారు. దాడి చేసేవాడికి ఉపయోగపడేలా ఉన్నవి 6 శాతం లోపే. అందులోనూ వేరే ఎక్కడా దొరకనివి మొత్తం మీద 1 శాతం కూడా లేవు. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో పటాల నిబంధనలు సడలించినప్పుడు చెప్పిన కారణం కూడా ఇంచుమించు ఇదే. ప్రపంచమంతా దొరికేదాన్ని ఇక్కడ ఆపి లాభం లేదు అని.

నేను ఈ లెక్కను ఇలా చదువుతాను. ఆ 1 శాతం నిజం. దాన్ని గట్టిగా కాపాడాలి. మిగతా 99 కూడా కాపాడుతూ కూర్చుంటే కాపలావాళ్లకు ఆ ఒక్కటి ఏదో గుర్తుండదు. కుర్చీల ఫైలు, కంట్రోల్ రూమ్ ఫైలు ఒకే బీరువాలో ఉంటే, రికార్డు_గది గారూ, రెంటికీ ఒకే తాళం, ఒకే అజాగ్రత్త.

నా అసలు అభ్యంతరం ఇప్పటికీ ఉంది. వాక్యం వాక్యం చూసి నిర్ణయించేది ఎవరు? కట్టడం గురించి తెలియని గుమాస్తా నల్లగీతలు కొడితే కొట్టాల్సింది వదిలేసి కొట్టక్కర్లేనిది కొడతాడు. మా విభాగం నుంచి ఒకరు, ఇంజినీరింగు నుంచి ఒకరు పక్కన కూర్చోవాలి. చాలాచోట్ల ఆ ఏర్పాటు నేను చూడలేదు.

---

వకీలమ్మ

కాపలాదారు గారి చివరి పేరా చాలా విలువైనది. దాన్ని అప్పీలులోనే వాడుకుందాం. దిగువవాసి గారూ, మొదటి అప్పీలుకు జవాబు అందిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. అక్కడా కాదంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇలా రాయండి, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నేను మొత్తం నివేదిక అడగడం లేదు. మా గ్రామానికి సంబంధించినంతవరకు ముంపు హద్దు చూపే పటం, నీరు చేరే సమయం, నీటి ఎత్తు, ఎక్కడికి వెళ్లాలో చూపే దారులు మాత్రమే కోరుతున్నాను. కట్టడం బలహీనతలు, గేట్ల నిర్వహణ, కరెంటు సరఫరా, సిబ్బంది కాపలా వివరాలు, వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు సెక్షన్ 10 కింద తొలగించవచ్చు. ఈ తొలగింపును డ్యామ్ ఇంజినీరింగు అధికారితో కలిసి చేయమని కోరుతున్నాను. అయినా తిరస్కరిస్తే, పైన అడిగిన నాలుగింటిలో ఒక్కొక్కటి బయటికొస్తే ఏ నష్టం ఎలా కలుగుతుందో విడివిడిగా రాసి ఇవ్వండి."

ఆ చివరి వాక్యం తీసేయకండి. దానికి జవాబు రాయాలంటే అధికారి ఆ పటాన్ని తెరిచి చూడాలి. చూస్తే సగం పని అయినట్టే.

ప్రాణాపాయం అని చెప్పి 48 గంటల్లో ఇవ్వమని కూడా చట్టంలో ఉంది, కానీ ముప్పు తక్షణమని చూపగలిగితేనే అది నిలబడుతుంది. వరద రోజులు కాకపోతే దాని జోలికి వెళ్లకండి, అసలు అడిగినది పక్కదారి పడుతుంది.

---

చదువరి

వకీలమ్మ అక్కా, 8(3) మినహాయింపులు మూడూ నోట్సులో రాసుకున్నాను. ఒక సందేహం. సెక్షన్ 24 కింద గూఢచార, భద్రతా సంస్థలు చట్టం నుంచే బయట ఉన్నాయి కదా, డ్యామ్ కాపలా అలాంటి సంస్థ చేతిలో ఉంటే?

---

వకీలమ్మ

మంచి ప్రశ్న. కాపలా వాళ్లది కావచ్చు, పటం నీటిపారుదల శాఖది. రికార్డు ఎవరి దగ్గరుందో వాళ్లనే అడగాలి. సెక్షన్ 24 సంస్థలైనా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఆ రక్షణ వర్తించదు. ఇది కూడా రాసుకో.

---

దిగువవాసి

నెల దాటింది. అప్పీలు విచారణకు పిలిచారు. వెళ్లాను.

పై అధికారి ఆవిడ. నా కాగితం మొత్తం చదివారు. పక్కనున్న ఇంజినీరును "ఈ పటం మనమెప్పుడైనా ఆ ఊళ్లకు చూపించామా?" అని అడిగారు. ఆయన లేదన్నారు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిన్న పోస్టులో వచ్చింది. రెండు పేజీలు, ఒక పటం. పట్టికలో మూడు నిలువు గళ్లు నల్లగా కొట్టేశారు. మా ఊరి పేరు ఉంది, పక్కన నిమిషాలు ఉన్నాయి, నీటి ఎత్తు ఉంది. ఆ నల్లగీతల కింద ఏముందో నాకు తెలియదు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

బడి హద్దు లోపలే ఉంది. ఆ రాత్రి అమ్మను చేర్చిన బడి. గుట్ట మీది పాత గోడౌను బయట ఉంది.

పంచాయతీలో పెట్టడానికి పటం పెద్దది చేయించి రేపు తెస్తున్నాను. పక్కన ఉన్న నాలుగు ఊళ్లవాళ్లు కూడా తమ పేర్లతో ఇదే కాగితం పెడతామన్నారు. వకీలమ్మ గారూ, మీ ముసాయిదా వాళ్లకు ఇవ్వొచ్చా?

---

వకీలమ్మ

ఇవ్వండి. ఊరి పేరు మార్చుకోమనండి, చివరి వాక్యం మాత్రం ఉంచమనండి.

---

విశ్రాంత_ఇంజినీర్

బాబూ, చాలా సంతోషం. పటంలో నిమిషాలు లెక్కించింది డ్యామ్ దగ్గర గండి పడిన క్షణం నుంచి, మీకు సైరను వినిపించిన క్షణం నుంచి కాదు. మధ్యలో ఎంత పోతుందో తీసేసి చూసుకోండి. ఆ గుట్టకు దారి రాత్రిపూట, లైట్లు ఆర్పి, మంచంతో ఒకసారి నడిచి చూడండి. పగలు కనిపించే దారి వేరు. ఎంత సమయం పట్టిందో ఇక్కడ రాయండి.